కిటోంగా కొండమీద ఎడమ దీపం

ఆ ఏడు టమాటా విరగకాసింది. మా నాన్న బండి నడిపిన ఆఖరి ఏడు కూడా అదే.

జూన్ నెలాఖరు. మా ఊరు ఇలులాలో ఏ వాకిట చూసినా టమాటా పెట్టెలే. పెట్టెకెక్కిన కాయ రెండో రోజుకి మెత్తబడుతుంది, మూడో రోజు దాన్ని ఎవరూ ముట్టుకోరు. అందుకని ఆ మూడు నెలలూ బండి ఆగకూడదు. సరిగ్గా అప్పుడే ఒక ఉదయం నాన్న నా మరమ్మతు షెడ్డు ముందు పికప్పు ఆపి, దిగి, నా ముందు అరచెయ్యి చాపాడు. అందులో విరిగిన ఇండికేటర్ లివరు ఉంది.

"ఎంత గట్టిగా తోశావు నాన్నా?"

"ముప్పై ఏళ్ళుగా ఎంత గట్టిగా తోస్తున్నానో అంతే. అది ముసలిదైపోయింది. నేను కాలేదు."

"ఎవరు ముసలో నన్నడగండి, చెబుతా," అంది అమ్మ. రోడ్డు పక్కన గోనె పరుచుకుని కాయలు ఏరుతోంది.

నేను స్టీరింగు కింద మూత విప్పి చూశాను. లివరొక్కటే కాదు, స్విచ్చి లోపలి ప్లాస్టిక్కు మొత్తం పొడిపొడి అయిపోయింది. అతికించేది కాదు, మార్చాల్సిందే.

ఇంకో బండికైతే వారం రోజులు చెయ్యి బయటపెట్టి ఊపుకుంటూ నెట్టుకురమ్మని చెప్పేదాన్ని. నాన్న బండికి అలా కుదరదు. మా టమాటా మికుమి చేరాలంటే కిటోంగా కొండ దిగాలి, తిరిగి రావాలంటే ఎక్కాలి. ఆ ఎక్కుడులో ముందు బండివాడికి మలుపు కనిపిస్తుంది. వెనకవాడికి ముందు బండి తోక మాత్రమే కనిపిస్తుంది. కాబట్టి ముందువాడు దీపంతో చెబుతాడు. కుడి దీపం కొట్టుకుంటుంటే, ఎదురుగా బండి వస్తోంది, ఆగు. ఎడమ దీపమైతే, దారి ఖాళీ, దాటి వచ్చెయ్. వెనకవాడు రెండుసార్లు చిన్నగా హారన్ కొట్టి, థాంక్స్ చెప్పి వెళ్ళిపోతాడు.

అందరూ చేసే పనే అది. కొందరు నిద్రమత్తులో చేస్తారు, కొందరు వెనకవాణ్ణి వదిలించుకోవడానికి చేస్తారు. నాన్న అలా కాదు. ఆయన బండి నత్తనడక కాబట్టి అందరూ ఎప్పుడో ఒకప్పుడు ఆయన వెనక చిక్కుకున్నవాళ్ళే. టీ బల్ల దగ్గర డ్రైవర్లు అనేవాళ్ళు, "న్యెంజా పెద్దాయన ఎడమ దీపం వేశాడా, కళ్ళు మూసుకుని వెళ్ళిపో" అని. నాన్న ఆ మాట విననట్టు టీ ఊదుకునేవాడు. విన్న సంగతి మొహంలో తెలిసిపోయేది.

స్విచ్చి కోసం ఇరింగాలో పాత సామాన్ల దుకాణాలన్నీ రెండు రోజులు తిరిగాను. ఆ పాత మోడలుకి సరిపోయేది ఒక్కటి దొరికింది. కాంగో వైపు నుంచి వచ్చి ఎక్కడో గుద్దుకున్న బండిలోంచి తీసింది అది. ఆ బండికి స్టీరింగు ఎడమ పక్క ఉండేది. సాకెట్టు ఒకటే, మరలు ఒకటే. తేడా అల్లా, ఇండికేటర్ లివరు స్టీరింగుకి కుడిపక్క ఉండాల్సింది ఎడమపక్క ఉంటుంది.

నేను షెడ్డు పెట్టి నాలుగు నెలలు. 'ఫుండీ వుమీలియా, అన్ని బళ్ళూ బాగుచేయబడును' అని నా చేత్తోనే రేకు మీద రాసుకున్నాను. ఫుండీ అంటే మెకానిక్కు, వుమీలియా నేను. ఆడపిల్ల స్టీరింగు ఊడబీకుతోందంటే చూడ్డానికి ఇద్దరు లారీ డ్రైవర్లు బల్ల మీద చేరారు. నాన్న బండి తలుపు పట్టుకుని నిలబడ్డాడు.

హారన్ మూత తీశాను. నట్టు విప్పేముందు స్టీరింగుకీ దాని కడ్డీకీ కలిపి సుద్దతో గీత గీశాను, మళ్ళీ అక్కడే కూర్చోవాలని. పాత స్విచ్చి తీసి, కొత్తది దూర్చి, సాకెట్టు నొక్కాను. టక్కుమంది. తాళం తిప్పి లివరు పైకి తోశాను. కుడి దీపం కొట్టుకుంది. కిందికి తోశాను. ఎడమది.

"ఇదేంటి, తలకిందులుగా ఉంది," అన్నాడు నాన్న. "నాకు కిందికి అంటే కుడి కదా?"

"పాతదానికి అంతే. ఇది అవతలి పక్క లివరు కాబట్టి దీనికి పైకి అంటే కుడి."

"అయితే లోపల రెండు వైర్లు అటుదిటు మార్చెయ్యి. నా చేతికి తెలిసినట్టే ఉంటుంది."

అది పది నిమిషాల పని. చెయ్యొచ్చు. కానీ బల్ల మీద ఇద్దరు డ్రైవర్లు నా చేతుల వంకే చూస్తున్నారు.

"వైర్లు కోసి అతికేది అతుకుల ఫుండీలు నాన్నా. చేసినవాడు ఎలా చేశాడో అలా బిగించడం నా పని. నీ చెయ్యే నేర్చుకుంటుందిలే."

డ్రైవర్లు నవ్వారు. "విన్నావా పెద్దాయనా, అమ్మాయి నీకే పాఠం చెబుతోంది!"

నాన్న కూడా నవ్వాడు. ఒకసారి తన చెయ్యి వంక చూసుకుని, "నేర్చుకోకపోతే కొడతావా ఏంటి," అని బండెక్కాడు.

తర్వాత మూడు వారాలు ఇలులా అంతా నవ్వుకుంది. నాన్న కుడిచెయ్యి అలవాటుగా కుడిపక్క లివరు మీదికి పోయేది. ఇప్పుడక్కడ ఉన్నది వైపర్లది. నిప్పులు చెరిగే ఎండలో, చుక్క వాన లేని జులైలో, మలుపు వచ్చినప్పుడల్లా వైపర్లు కిర్రుకిర్రుమంటూ అద్దం తుడిచేవి. "పెద్దాయనా, వానొస్తోందా? మొక్కజొన్న వేసుకోమంటావా?" అని కేకలేసేవాళ్ళు. చర్చి పాస్టరు కూడా ఒక ఆదివారం గుమ్మంలో ఆపి వానకోసం ప్రార్థన చెయ్యమంటావా అని అడిగాడు.

జులై ఆఖరుకి వైపర్లు కదలడం మానేశాయి. నాన్న చెయ్యి ఎడమపక్కకే పోతోంది. ఆగమనడానికి పైకి, రమ్మనడానికి కిందికి, ఒక్కసారి కూడా తడబడకుండా తోస్తున్నాడు. నేర్చుకున్నాడనుకున్నాను.

ఆగస్టు మొదటివారం. మికుమిలో టమాటా దించేసి, రువాహా దగ్గర ఉల్లిగడ్డ ఎక్కించుకుని తిరిగి వస్తున్నాం. మధ్యాహ్నం మూడు దాటింది. నేను నాన్న పక్కన కూర్చున్నాను. కిటోంగా మొదలవగానే బండి రెండో గేరులోకి దిగింది. వెనక ఒక చిన్న తెల్ల వ్యాను వచ్చి తగులుకుంది.

"సాంగా వాళ్ళ ఒబేది," అన్నాడు నాన్న అద్దంలో చూసి. "బండి మొన్ననే కొన్నాడు. సీటు మీద ప్లాస్టిక్కు కూడా ఇంకా తియ్యలేదు. కూర్చుంటే పరపరమంటుందట."

వ్యాను నెత్తిన ప్లాస్టిక్ బకెట్లు, బేసిన్లు ఒకదానిమీదొకటి ఇంతెత్తున కట్టి ఉన్నాయి. ఎరుపు, నీలం, పసుపు.

మొదటి మలుపులో నాన్న లివరు పైకి తోశాడు. కుడి దీపం. ఒబేది బుద్ధిగా ఆగాడు. ఎదురుగా ఒక బస్సు దిగిపోయింది. నాన్న ఏదో చెబుతున్నాడు, అమ్మ పెళ్ళయిన కొత్తల్లో ఈ కొండ ఎక్కేటప్పుడు భయపడి నడిచొస్తానని దిగిపోయిన సంగతి. ఆ కథ నాకు తెలుసు. అయినా నవ్వుతున్నాను.

రెండో మలుపు మీద టాంకరు ఊడిపడింది. దిగుడులో పట్టు తప్పిన వేగం మీద ఉంది.

"ఆగరా నాయనా, ఆగు!" అని నాన్న లివరు తోశాడు. కిందికి.

టిక్కుటిక్కుమంది. డాష్‌బోర్డు మీద పచ్చ బాణం వెలిగింది. నా వైపుకి. ఎడమకి.

నేను చూశాను. ఏమనాలో కూడా తెలుసు. 'ఎడమ పడింది నాన్నా.' మూడే మాటలు. నోరు తెరిచాను, గాలి తప్ప ఏమీ రాలేదు. వెనక రెండుసార్లు చిన్నగా హారన్ మోగింది. తెల్ల వ్యాను నాన్న కిటికీ పక్కకి వచ్చేసింది. ఒబేది చెయ్యి పైకెత్తి థాంక్స్ అన్నట్టు ఊపుతున్నాడు.

టాంకరు హారన్ కొండంతా నిండిపోయింది. ఒబేది వ్యానుని అవతల కొండవైపు కాలవలోకి తిప్పేశాడు. అదే వాణ్ణి బతికించింది. వ్యాను పక్కకి పడి, బండకి ఒరుసుకుంటూ పోయి ఆగింది. తాళ్ళు తెగి బకెట్లు రోడ్డుమీద పడ్డాయి. ఎరుపువి, నీలంవి, పసుపువి ఎగిరెగిరి పడుతూ, మేం ఎక్కి వచ్చిన దారంతా దొర్లుకుంటూ దిగిపోయాయి.

అందరికన్నా ముందు నాన్నే పరుగెత్తాడు. పగిలిన అద్దంలోంచి ఒబేదిని బయటికి లాగాడు. వాడి కుడికాలు మోకాలి కింద ఉండకూడని వైపుకి వంగి ఉంది. వాడు అరవలేదు. నాన్న మొహంలోకి చూసి నెమ్మదిగా అన్నాడు.

"పెద్దాయనా, రమ్మన్నారుగా?"

"ఆగమన్నాను బాబూ," అన్నాడు నాన్న. "ఆగమనే అన్నాను."

ఆ రోజు నుంచి ఆయన అదే మాట. ఆస్పత్రిలో, పోలీసు ఠాణాలో, ఇంట్లో అన్నం ముందు అదే మాట. అబద్ధం ఆడటం లేదు. ఆగమనాలనే అనుకున్నాడు, ఆగమనడానికే చెయ్యి కదిలింది. ఆ చెయ్యి ముప్పై ఏళ్ళ దారిలో పోయిందని ఆయనకి తెలియదు. తెలిసింది నాకొక్కదానికే.

"నువ్వు పక్కనే కూర్చున్నావు కదే," అంది అమ్మ, మొక్కజొన్నపిండి ఉగాలి ముద్ద పళ్ళెంలో పెడుతూ. "ఏ దీపం పడింది?"

"నేను రోడ్డు చూస్తున్నానమ్మా."

అమ్మ నా పళ్ళెంలో కాస్త ఎక్కువ చిక్కుళ్ళు వేసింది.

టీ బల్ల దగ్గర మాత్రం తీర్పు అయిపోయింది. "ఒబేదికి తొందరెక్కువ. కొత్త బండి మదం. తను గుడ్డిగా దూరిపోయి పెద్దాయన మీదికి తోస్తున్నాడు." నాన్న పక్షం మాట్లాడుతున్నాం అనుకున్నారు వాళ్ళు. నాన్న టీ సగంలో వదిలేసి లేచి వచ్చేశాడు. బండి తాళం మేకుకి తగిలించాడు. మళ్ళీ ముట్టుకోలేదు. మా పెట్టెలు పక్కింటివాళ్ళ లారీలో పోయాయి, సగం వాకిట్లోనే కుళ్ళాయి.

ట్రాఫిక్ ఇన్‌స్పెక్టరు చౌలా అనే ఆవిడ. కళ్ళద్దాలు ముక్కు చివర పెట్టుకుని అందర్నీ వాటి పైనుంచి చూసేది. శుక్రవారం మా ఇంటికి వచ్చింది.

"ఆ కుర్రాడు ఎడమ దీపం చూశానంటున్నాడు. మీరు కుడి వేశానంటున్నారు. సోమవారం బండి ఠాణాకి తీసుకురండి, పరీక్షిస్తాను. స్విచ్చి సరిగ్గా ఉంటే కుర్రాడిదే తప్పు. వాడి లైసెన్సు పోతుంది, కేసు కూడా పడుతుంది. కాలు ఎలాగూ పోయేలా ఉంది పాపం."

ఆ రెండు రాత్రులు నేను నిద్రపోలేదు. నిజం చెబితే నాన్న పేరు పోతుంది. చెప్పకపోతే మంచం మీదున్న ఒబేది అబద్ధాలకోరు అవుతాడు. అప్పుడు మూడో దారి కనిపించింది. తప్పు స్విచ్చిది అయితే? బిగించిన ఫుండీది అయితే? నాన్న సరిగ్గానే తోశాడు, దీపం తప్పు పడింది. ఒబేది సరిగ్గానే చూశాడు. చెడ్డ పని చేసింది నేను. నా షెడ్డు పోతుంది. పోనీ.

ఆదివారం అమ్మా నాన్నా చర్చికి వెళ్ళారు. రోడ్డవతల నుంచి పాటలు వినిపిస్తున్నాయి. నేను స్టీరింగు మూత విప్పి, రెండు వైర్లు కోసి, అటుదిటు ఇటుదటు అతికి, నల్ల టేపు చుట్టాను. ఇప్పుడు లివరు పైకి తోస్తే కుడి పడాల్సింది ఎడమ పడుతుంది. ఇన్‌స్పెక్టరు పైకి తోస్తుంది, చూస్తుంది, నా పేరు రాసుకుంటుంది. చర్చిలో రెండో పాట అయిపోయేలోగా నా పని అయిపోయింది.

సోమవారం బండి నేనే నడిపాను. నాన్న నా పక్కన కూర్చున్నాడు. ఠాణా ఆవరణలో ఆపగానే నేను ముందుకి వెళ్ళి, పోలీసుల్ని పిలిచే మర్యాదతోనే పిలిచాను.

"స్విచ్చి బిగించింది నేనే అఫాండే. నన్నడగండి. లేదా మీరే తోసి చూడండి."

"నిన్నెవరు అడిగారు?" అంది ఇన్‌స్పెక్టరు చౌలా. "ఆ రోజు నడిపింది ఆయన. పెద్దాయనా, ఎక్కి కూర్చోండి. నేను బండి వెనక నిలబడతాను. ఎదురుగా టాంకరు వస్తోందనుకోండి. ఆ రోజు చేసినట్టే చెయ్యండి."

ఇది నేను ఊహించలేదు.

నాన్న ఎక్కాడు. కళ్ళు మూసుకున్నాడు. ఆ కొండ, ఆ మలుపు కళ్ళముందు కట్టుకున్నాయేమో, పెదవులు బిగుసుకున్నాయి. చెయ్యి ఒక్కసారి ఎగిరి లివరు మీద పడింది. కిందికి.

బండి వెనక కుడి దీపం కొట్టుకోవడం మొదలుపెట్టింది.

"కుడి!" అని అరిచింది ఇన్‌స్పెక్టరు. ముందుకొచ్చి కాగితం బానెట్టు మీద పెట్టి రాయసాగింది. "సరే. స్విచ్చి బాగుంది, మీరు చెప్పింది నిజం. ఆ కుర్రాడే అబద్ధమాడాడు. దిగండి పెద్దాయనా, ఇక మీకే ఇబ్బందీ ఉండదు."

నాన్న దిగలేదు. కళ్ళు తెరిచి తన చెయ్యి ఎక్కడుందో చూసుకున్నాడు. లివరు కిందికే ఉంది. దాన్ని నెమ్మదిగా పైకి తోశాడు. డాష్‌బోర్డులో ఎడమ బాణం. మళ్ళీ కిందికి. కుడి. మూడు వారాలు ఊరంతా నవ్వుతుంటే నేర్చుకున్నది దీనికి సరిగ్గా తలకిందులు. ఆయన స్టీరింగు కింద వేలు పెట్టి తడిమాడు. కొత్త టేపు జిగురు వేలికి అంటుకుంది. వేలు ప్యాంటుకి తుడుచుకున్నాడు. నా వైపు చూడలేదు.

"రాయకండి అఫాండే," అన్నాడు.

"ఏం?"

"ఆ రోజు ఈ స్విచ్చి ఇలా లేదు. ఆ రోజు కిందికి అంటే ఎడమ. నేను కిందికే తోశాను. ఇప్పుడు కూడా నా చెయ్యి కిందికే పోయింది. ఆ పిల్లవాడు చూసింది నిజమే. రమ్మన్నాను, వచ్చాడు."

కలం ఆగింది. ఆవిడ కళ్ళద్దాల పైనుంచి ఆయన్నీ నన్నూ చూసింది. "మరి ఇప్పుడిలా ఎవరు మార్చారు?"

"మార్చమన్నది నేనే. బిగించిన రోజే అడిగాను. మా అమ్మాయి ఇప్పుడు మార్చింది."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం లేదు. ఇన్‌స్పెక్టరు రాసిన కాగితం చింపి కొత్తది తీసింది. నాన్న జేబులోంచి లైసెన్సు తీసి, అడగకముందే, బానెట్టు మీద పెట్టాడు.

తిరిగి వస్తుంటే నేను అన్నాను, "నేను చూశాను నాన్నా. ఆ రోజు. బాణం చూశాను."

"తెలుసు. చూడకపోతే మార్చేదానివి కాదు." అన్నాడు నాన్న.

మర్నాడు అమ్మ కాచిన అంబలి ఫ్లాస్కులో పోసుకుని ఒబేది దగ్గరికి వెళ్ళాం. వాడి కాలు పోలేదు, బిగించి కట్టి పైకి వేలాడదీశారు. మమ్మల్ని చూసి వాడు గోడవైపు తిరిగాడు. పెద్దవాళ్ళు గదిలోకి వస్తే చిన్నవాళ్ళు 'షికమో' అని దణ్ణం పెట్టాలి. వాడు పెట్టలేదు. నాన్న టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

"షికమో, ఒబేదీ," అన్నాడు.

వాడు అదిరిపడి ఇటు తిరిగాడు. "అదేంటి పెద్దాయనా! మీరు నాకు చెప్పడమేంటి!"

"ఠాణాలో చెప్పాను. నీకూ చెబుదామని వచ్చాను. దీపం తప్పు నాదే."

వాడు నోరు తెరవబోయి ఏడ్చేశాడు. నాన్న పక్కన కూర్చుని మూత తీసి అంబలి పోశాడు. టీ బల్ల దగ్గర తన దీపం చూసి కళ్ళు మూసుకుని వెళ్ళిపొమ్మని ఇక ఎవరూ అనరని ఆయనకి తెలుసు. నిజంగానే ఎవరూ అనలేదు.

ఆయన లైసెన్సు ఆరు నెలలు ఆపారు. ఆరు నెలల తర్వాత ఆయన వెళ్ళి అడగలేదు.

నేను వైర్లు విప్పి, చేసినవాడు చేసినట్టే మళ్ళీ కలిపాను. సీజను ఇంకా నెల ఉంది. పెట్టెలు ఎక్కించి తాళం నేనే తీసుకున్నాను. నాన్న ఎడమపక్క సీట్లో కూర్చున్నాడు, చేతులు ఒళ్ళో పెట్టుకుని.

దిగుడు బాగానే దిగాం. తిరిగి వచ్చేటప్పుడు కిటోంగాలో ఒక పెద్ద బస్సు మా వెనక చేరింది. మొదటి మలుపులో ఎదురుగా ఎవరూ లేరు. నాకు స్పష్టంగా కనిపిస్తోంది. నా చెయ్యి లివరు దాకా వెళ్ళి వెనక్కి వచ్చింది. రెండో మలుపు కూడా ఖాళీ. నేను ఏ దీపమూ వెయ్యలేదు. బస్సువాడు విసుగ్గా హారన్ మోగించాడు. మళ్ళీ మోగించాడు. మూడో మలుపు వచ్చింది. నేను రెండు చేతులా స్టీరింగునే పట్టుకున్నాను.

నాన్న కిటికీలోంచి లోయ చూస్తున్నాడు. అటే చూస్తూ అన్నాడు.

"చూసినప్పుడు చెప్పాలి వుమీ. వెనకవాడికి కనపడదు."

నేను రోడ్డు ఇంకోసారి చూశాను. పైమలుపు దాకా చూశాను. లివరు కిందికి తోసి, పచ్చ బాణం ఎటు వెలిగిందో చూసుకుని, బస్సు నన్ను దాటిపోయేదాకా చెయ్యి దానిమీదే ఉంచాను.